కారు కిరాయి, తిరుగు లోడు

కోటబొమ్మాళి జంక్షన్‌లో టీ గ్లాసు పట్టుకుని కాసేపు నిలబడితే, వీపు మీద ఏడెనిమిది కొత్త కార్లు మోసుకుంటూ ఒక పొడుగు లారీ పోవడం చూస్తారు. శ్రీపెరుంబుదూరులో తయారైన హ్యుందాయ్‌లు, మన పెనుకొండలో తయారైన కియాలు 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని ఒడిశా, బెంగాల్ వైపు సాగిపోతుంటాయి.

"మనూరి మీద నుంచే ఇన్ని బళ్ళు పోతన్నాయి కదా, నా ఒక్క కారు దించడానికి ఇరవై రెండు వేలేటి మావయ్యా?" అని మొన్న హైదరాబాదు నుంచి మా మేనల్లుడు ఫోన్లో ఒకటే గోల. బ్యాంకు ఉద్యోగం, టెక్కలి బదిలీ. వాడి స్నేహితుడు బెంగళూరు నుంచి హైదరాబాదుకి తొమ్మిది వేలకే కారు తెప్పించుకున్నాడట. ఆ దూరం 570 కిలోమీటర్లు, ఇది సుమారు 780. దూరం మూడో వంతుకు పైగా పెరిగితే కిరాయి రెండింతలు దాటడమేమిటని వాడి బాధ.

లారీ ఓనరు వేసుకునే లెక్క వేరు. డీజిలు, టోలు, డ్రైవరు బేటా పోవడానికి ఎంతవుతుందో రావడానికీ ఇంచుమించు అంతే అవుతుంది. తిరుగు లోడు దొరికితే ఆ రెండో సగం ఇంకెవరో భరిస్తారు. దొరక్కపోతే ఖాళీ లారీ ఖర్చు కూడా మీ బిల్లులోనే కలుస్తుంది. బెంగళూరు, హైదరాబాదుల మధ్య ఉద్యోగాలు మారేవాళ్ళు అటూ ఉంటారు, ఇటూ ఉంటారు, కాబట్టి లారీ ఎటు తిరిగినా నిండుతుంది. ఉత్తరాంధ్రలో కార్ల ఫ్యాక్టరీ లేదు. పైనుంచి వచ్చిన లారీకి ఇక్కడ ఎక్కించుకోవడానికి సరుకుండదు. మా మేనల్లుడికి చెప్పిన ఇరవై రెండు వేలలో మంచి వాటా ఆ ఖాళీ తిరుగు ప్రయాణానిదే.

ఇది తెలిశాక బేరం రెండు రకాలుగా మారుతుంది. ఇక్కడి నుంచి చెన్నైకో బెంగళూరుకో కారు పంపుతున్నారనుకోండి, మీ బండే వాళ్ళకి తిరుగు లోడు. అప్పుడు వచ్చేటప్పటి రేటునే మీకూ చెబితే ఒప్పుకోవద్దు, గట్టిగా తగ్గించమనండి. ఊరికి తెప్పించుకుంటున్నారా, తారీఖు మీద పట్టు పట్టకండి. "ఈ వారం రోజుల్లో మీ లారీ ఎప్పుడు ఇటు వస్తే అప్పుడే" అన్నవాడికి ఒక రేటు, "సోమవారమే కావాలి" అన్నవాడికి ఇంకో రేటు. స్కూళ్ళు తెరిచే ముందు మే, జూన్ నెలల్లో బదిలీల రద్దీ ఉంటుంది. వీలుంటే ఆ రోజులు దాటించడం మేలు.

రెండో గుట్టు విశాఖ దగ్గరుంది. అంత పొడుగు లారీ మన వీధుల్లో తిరగదు. కరెంటు తీగలు అడ్డం, మలుపులు అడ్డం. ఇంటి ముందు దించుతామని చెప్పే కంపెనీ కూడా విశాఖ యార్డులో కారు దించి, అక్కడి నుంచి ఇంకో చిన్న బండి మీద గానీ, మనిషిని పెట్టి నడిపించి గానీ పంపుతుంది. ఆ 150 కిలోమీటర్ల ముక్కకి మా వాడి కొటేషన్లో ఏడు వేలు పడింది. విడిగా అడిగేదాకా ఆ సంగతి బయటికి రాలేదు. విశాఖ డెలివరీకి ఎంతని అడిగితే పదిహేను వేలన్నారు. ఉదయం రైలెక్కి వెళ్ళి, కారు తీసుకుని, సాయంత్రానికి ఊరు చేరితే పెట్రోలు, టోలు, టిఫినుతో కలిపి రెండు వేలు దాటదు. యార్డు గాజువాక వైపా, ఆనందపురం వైపా అన్నది కూడా ముందే కనుక్కోండి. ఆనందపురం అయితే మీకు నగరం ట్రాఫిక్కు తగలదు, ఎక్కడం ఎక్కడమే శ్రీకాకుళం రోడ్డు.

ఇంత తంటా ఎందుకు, నడుపుకుని వచ్చేస్తే పోలేదా? లెక్క చూద్దాం. లీటరుకి 16 కిలోమీటర్లిచ్చే బండి 780 కిలోమీటర్లకి 49 లీటర్లు తాగుతుంది. లీటరు 108 రూపాయలనుకుంటే 5,300. టోలుకి పన్నెండు వందలు పక్కన పెట్టండి. మధ్యలో రాజమండ్రిలోనో తునిలోనో రాత్రి బస, భోజనాలు కలిపితే ఎనిమిదిన్నర వేలకి అటూ ఇటూ తేలుతుంది. యాక్టింగ్ డ్రైవరుని పెట్టుకుంటే రెండు రోజుల బేటా, అతని తిరుగు టికెట్టు కలిసి పదకొండు, పన్నెండు వేలకి పోతుంది. అయినా విశాఖ డెలివరీ కంటే తక్కువే. టైర్లు బాగుండి, ఇద్దరు నడిపేవాళ్ళుంటే హైదరాబాదు దూరానికి నేను నడుపుకు రమ్మనే చెబుతాను. పుణె, ఢిల్లీల నుంచి అయితే లారీ ఎక్కించడమే తెలివి. ఒక్కడే నాలుగు రోజులు నడిపి మిగిల్చుకునేది లేదు.

టోలు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకి ఫాస్టాగ్ వార్షిక పాసు వచ్చింది. మొదలైనప్పుడు దాని ధర 3,000 రూపాయలు. దానితో జాతీయ రహదారి టోల్ గేట్లు 200 సార్లు దాటవచ్చు, లేదా ఏడాది గడువు, ఏది ముందైతే అది. ఒక్క ప్రయాణం కోసం కొనడం దండగ. ఊరికి వచ్చాక మడపాం గేటు దాటి శ్రీకాకుళం ఆఫీసుకి రోజూ పోయేవాళ్ళు మాత్రం బయల్దేరే ముందే తీసుకుంటే ఈ ప్రయాణం కూడా అందులోనే కలిసొస్తుంది.

రైల్లో పంపొచ్చా అని చాలామంది అడుగుతారు. మోటారు సైకిలైతే పంపొచ్చు. పెట్రోలు పూర్తిగా తీసేసి, ప్యాకింగ్ చేయించి, ఆర్సీ నకలుతో పార్సిల్ ఆఫీసులో ఇస్తే చాలు. మనవాళ్ళు శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దించుకోవడం మామూలే. కార్లు మోసే రైళ్ళు ఉన్న మాట నిజమే గానీ, అవి మారుతి లాంటి కంపెనీలు మొత్తంగా బుక్ చేసుకునే గూడ్సు బళ్ళు. ఒక్క కారువాడికి అందులో చోటు లేదు. ఇక గల్ఫులో ఉన్న ఉద్దానం కుర్రాళ్ళు అక్కడి కారుని ఓడెక్కించి తెస్తామంటుంటారు. అక్కడివి ఎడమ స్టీరింగ్ బళ్ళు. వాడిన కారు దిగుమతికి కుడి స్టీరింగ్ ఉండాలి, తయారై మూడేళ్ళు దాటకూడదు. ఆ పైన కస్టమ్స్ సుంకం కారు విలువనే మించిపోతుంది. ఆ డబ్బుతో ఇక్కడే ఇంకో కారొస్తుంది.

కొటేషన్ చేతికొచ్చాక అసలు చదవాల్సింది ఇన్సూరెన్స్ గడి. "ట్రాన్సిట్ ఇన్సూరెన్స్" అని కారు విలువ మీద ఇంత శాతమని వేస్తారు. ఆరు లక్షల కారుకి రెండు శాతమంటే పన్నెండు వేలు, కిరాయికి దగ్గర దగ్గరగా ఉంటుంది. అది కట్టే ముందు మీ దగ్గరున్న పాలసీ తీసి చూడండి. థర్డ్ పార్టీ ఒక్కటే కాకుండా ఓన్ డ్యామేజీ కూడా ఉన్న మామూలు కారు పాలసీలో, రోడ్డు మీదా రైల్లోనూ తరలించేటప్పుడు జరిగే నష్టం కూడా ఉంటుంది. లారీ మీద ఉన్న కారుకి దెబ్బ తగిలినా క్లెయిము చేసుకోవచ్చు. నో క్లెయిమ్ బోనస్ పోతుందన్నదే చింత. విడిగా ట్రాన్సిట్ పాలసీ తీసుకోదలిస్తే బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు ఉన్న కాగితం బండెక్కించక ముందే అడగండి. "మేం చూసుకుంటాం సార్" అన్నది పాలసీ అనిపించుకోదు. కొన్నేళ్ళ కిందట నా కారు తెప్పించినప్పుడు సరిగ్గా ఆ మాటే నమ్మి డబ్బు కట్టాను. బంపరు పగిలి వచ్చింది. పాలసీ ఏదయ్యా అంటే, మా గోడౌన్ దాకానే వర్తిస్తుందన్నారు.

అసలు లారీవాడి బాధ్యత ఎంత? 2007 నాటి రోడ్డు రవాణా చట్టం, 2011 నాటి దాని నిబంధనలు ఈ సంగతి తేల్చాయి. మీరు సరుకు విలువ రాయించి, ఎక్కువ రిస్కు రేటు ఒప్పుకుని కట్టకపోతే, నష్టానికి రవాణాదారు బాధ్యత కిరాయికి పది రెట్ల దగ్గర ఆగిపోతుంది. పదిహేను వేల కిరాయికి లక్షా యాభై వేలు. కారు ఆరు లక్షలది. కిరాయి ఎంత తక్కువకి బేరమాడితే ఆ హద్దు కూడా అంత కిందికి దిగుతుందని గమనించండి. అందుకే బిల్టీ, అంటే లారీవాడిచ్చే సరుకు రసీదు మీద కారు విలువ, కిలోమీటరు రీడింగు, ముందే ఉన్న గీతలు రాయించుకోవాలి. బిల్టీ ఇవ్వకుండా వాట్సాప్ మెసేజీతో సరిపెట్టేవాడికి కారు తాళం ఇవ్వకండి. జీఎస్‌టీ పేరుతో పద్దెనిమిది శాతం వేసినవాడు జీఎస్‌టీ నంబరున్న బిల్లు ఇవ్వాలి. అడ్వాన్సు నాలుగో వంతు మించకుండా చూసుకోండి. మార్కెట్టు రేటులో సగం చెప్పి, బండెక్కాక "ఇంకో పది వేలు వెయ్యకపోతే కదలదు" అనే రకాలున్నారు. ఆన్‌లైన్లో డబ్బు పోయిందనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

కిరాయిని మించిపోయే ఖర్చు ఇంకొకటుంది, కాగితాలది. వేరే రాష్ట్రం బండి మన రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంటే కొత్త నంబరుకి దరఖాస్తు చేయాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. హైదరాబాదు మనకి పరాయి ఊరు కాకపోయినా, టీఎస్, టీజీ నంబర్లు ఇప్పుడు పరాయి రాష్ట్రానివే. పాత ఆఫీసు నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ తేవాలి. అప్పుంటే బ్యాంకు అనుమతి కావాలి, చలానాలు బాకీ ఉండకూడదు. తర్వాత ఇక్కడ బండి వయసుని బట్టి లైఫ్ టాక్స్ కట్టాలి. కర్ణాటక వంటి చోట్ల మిగిలిన కాలానికి పాత పన్ను కొంత తిరిగిస్తారు గానీ, ఇక్కడ కట్టిన రసీదు చూపించి, తిరిగి తిరిగి తెచ్చుకోవాలి. పదేళ్ళు దాటిన చిన్న కారుకి కిరాయి, పన్ను, తిరుగుళ్ళు అన్నీ కూడి చూస్తే, అక్కడే అమ్మేసి ఇక్కడ ఏపీ నంబరుది కొనుక్కోవడమే చవక పడొచ్చు. ఈ లెక్క కారు ఎక్కించక ముందు వేయాలి.

తరచూ బదిలీలయ్యే వాళ్ళకి 2021 సెప్టెంబరు నుంచి బీహెచ్ నంబరు ఉంది. సైన్యంలో ఉన్నవాళ్ళు, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థల వాళ్ళు, నాలుగు లేక అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులు తీసుకోవచ్చు. పన్ను రెండేళ్ళకోసారి కడతారు, రాష్ట్రం మారినా నంబరు మారదు. 2022 డిసెంబరు నుంచి మామూలు నంబరున్న పాత బళ్ళని కూడా అందులోకి మార్చుకునే వీలు కల్పించారు. మన జిల్లాలో ఇంటికొకరన్నట్టు సైన్యంలోనూ సీఆర్పీఎఫ్‌లోనూ ఉన్నారు. అయినా ఈ సంగతి తెలిసినవాళ్ళు నాకు కొద్దిమందే తగిలారు.

ఇంతకీ ఈ ఖర్చు మీరే భరించాలా? బదిలీ ఆఫీసు చేసిందైతే ముందు ఆ ఆఫీసునే అడగాలి. కేంద్ర ప్రభుత్వంలో ఏడో పే కమిషన్ తర్వాత వచ్చిన నిబంధనల ప్రకారం లెవెల్ 6, ఆ పైవాళ్ళకి బదిలీలో ఒక కారు లేదా మోటారు సైకిలు తరలింపు ఖర్చు ఇస్తారు. లెవెల్ 5 వరకూ మోటారు సైకిలు, స్కూటరు లాంటిదే. బ్యాంకులకి వాళ్ళ సొంత నిబంధనలున్నాయి. ప్రైవేటు కంపెనీలో అయితే ఆఫర్ లెటరు మీద సంతకం పెట్టక ముందే అడగడం మర్యాద, లాభం కూడా. సామాన్లకి ఇచ్చే మొత్తంలో కారు కలిసిందా, విడిగా ఇస్తారా, ముందు ఇస్తారా, బిల్లు చూపాక ఇస్తారా అన్నవి మెయిల్లో రాయించుకోండి. మా వాడు ఇరవై రెండు వేల గొడవంతా నాతో పడ్డాడు గానీ, వాళ్ళ రీజనల్ ఆఫీసుకి ఒక్క ఫోను కొట్టలేదు. కొట్టాక కారు కిరాయికి బిల్లు పెట్టుకోవచ్చని తేలింది. అంతదాకా జీఎస్‌టీ బిల్లు లేని చవక కంపెనీ కోసం వెతుకుతున్నాడు!

కారు అప్పగించే రోజు పెట్రోలు పావు ట్యాంకు మించి ఉంచకండి. లోపల బట్టల మూటలు, గిన్నెలు పెట్టి పంపొద్దు, పోతే దేనికీ లెక్క చెప్పరు. ఒరిజినల్ ఆర్సీ మీ దగ్గరే ఉంచి నకలు ఇవ్వండి. అద్దం మీది ఫాస్టాగ్‌కి వంటింటి అల్యూమినియం కాగితం కప్పండి. లేకపోతే లారీ మీద కూర్చున్న కారుకి కూడా గేటు దగ్గర డబ్బు కోసుకునే అవకాశం ఉంది. నాలుగు వైపులా, పైకప్పూ, మీటరూ కనబడేలా ఒక వీడియో తీసుకోండి.

విశాఖ యార్డులో దించేసరికి కారు నిండా ఎర్రదుమ్ము ఉంటుంది, దుమ్ము కింద గీత కనబడదు. సంతకం పెట్టమని కాగితం చాపుతారు. ముందు ఒక బకెట్టు నీళ్ళు అడగండి. గీతలూ సొట్టలూ కనిపిస్తే సంతకం పక్కనే రాయండి, ఫొటో తీయండి, రాసిన కాగితం నకలు తీసుకోండి. రవాణాదారు మీద దావా వేయాలంటే బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. కంపెనీ హైదరాబాదులో ఉందని అక్కడికి పరిగెత్తనక్కర్లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే, అంటే శ్రీకాకుళం వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపయితే ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. నా పగిలిన బంపరు మీద నేను అలాంటిదేమీ వేయలేదు. బకెట్టు నీళ్ళ సంగతి తెలియక ఆ రోజు దుమ్ము మీదే సంతకం పెట్టేశాను.