కార్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠం: మీటర్ మీద 60 కనిపిస్తే చాలదు!

ఫోన్ హ్యాంగ్ అయితే ఏం చేస్తాం? పవర్ బటన్ నొక్కిపట్టి రీస్టార్ట్ చేస్తాం. అదే హైవే మీద 80 స్పీడ్‌లో వెళ్తున్నప్పుడు కారు మీటర్ హ్యాంగ్ అయితే? కొన్నాళ్లు ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూ చేశాక నేను ఆటోమోటివ్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ట్రైనింగ్‌లో చేరాను. మొదటి వారంలోనే ఒక తప్పు చేశాను. మిగతా కోర్సంతా ఒక ఎత్తు, ఆ తప్పు ఒక ఎత్తు. అందుకే ఈ పాఠం దానితోనే మొదలుపెడదాం.

నేను 'పాస్' అని రాసిన టెస్ట్

బెంచ్ మీద ఒక డిజిటల్ మీటర్, 12 వోల్టుల పవర్ సప్లై, ల్యాప్‌టాప్, మధ్యలో ఒక క్యాన్ అడాప్టర్ ఉన్నాయి. మీటర్‌లోని సాఫ్ట్‌వేర్ మా బ్యాచ్‌మేట్ ప్రాక్టీస్ కోసం రాసిందే. నాకిచ్చిన రిక్వైర్‌మెంట్ ఒక్క లైనే: "క్యాన్‌లో వచ్చే స్పీడ్‌ను మీటర్ చూపించాలి." నేను ల్యాప్‌టాప్ నుంచి 0, 20, 60, 120 పంపాను. అన్నీ కరెక్ట్‌గా కనిపించాయి. పాస్ అని రాసేశాను.

సార్ వచ్చి మళ్లీ 60 పంపమన్నారు. మీటర్ మీద 60 రాగానే క్యాన్ కనెక్టర్ పీకేశారు. పది సెకన్లు గడిచినా అంకె కదల్లేదు.

"ఇప్పుడు బండి ఎంత స్పీడ్‌లో ఉంది?" అని అడిగారు.

"60 సార్."

"నీకెలా తెలుసు? వైరు నా చేతిలో ఉంది కదా!"

నా దగ్గర సమాధానం లేదు. ఖాళీగా ఉన్న మీటర్‌ని చూస్తే డ్రైవర్‌కి అనుమానం వస్తుంది. ఆగిపోయిన 60ని మాత్రం నమ్మేస్తాడు. బండి నిజంగా 90లో ఉన్నా అతనికి తెలియదు.

అసలు ఇలా ఎందుకు జరిగింది?

కారులో ఇంజిన్‌కి, బ్రేకులకి, మీటర్‌కి, ఎయిర్‌బ్యాగ్‌లకి వేర్వేరు చిన్న కంప్యూటర్లు ఉంటాయి. వీటినే ఈసీయూలు అంటారు. ఇవి మాట్లాడుకోవడానికి ఎక్కువగా వాడే దారి క్యాన్ బస్. బాష్ కంపెనీ దీన్ని 1986లో పరిచయం చేసింది. రెండు వైర్లు, వాటి మీద చిన్న చిన్న మెసేజ్‌లు. క్లాసిక్ క్యాన్‌లో ఒక్కో మెసేజ్‌లో పట్టే డేటా 8 బైట్లే.

మామూలుగా క్యాన్ మెసేజ్‌లో ఎవరు ఎవరికి పంపారన్నది ఉండదు, ఐడీ మాత్రమే ఉంటుంది. రెండు ఈసీయూలు ఒకేసారి పంపితే చిన్న నంబర్ ఐడీ ముందు వెళ్తుంది. వాట్సాప్‌లో మెసేజ్ అవతలి ఫోన్‌కి చేరకపోతే మనకి సింగిల్ టిక్ కనిపిస్తుంది. ఇక్కడ మీటర్‌కి అలాంటి గుర్తేమీ రాదు. స్పీడ్ పంపే ఈసీయూ ఆగిపోతే ఆ సంగతి మీటరే కనిపెట్టాలి. మా బెంచ్‌లో స్పీడ్ మెసేజ్ ప్రతి 20 మిల్లీసెకన్లకోసారి రావాలి. రాకపోతే ఎంతసేపు ఎదురుచూడాలి, తర్వాత ఏం చూపించాలి అన్నది రిక్వైర్‌మెంట్‌లో లేదు. నేను అడగలేదు కూడా. నా అసలు తప్పు అదే.

ప్రతి సిగ్నల్‌కీ ఐదు ప్రశ్నలు

ఆ రోజు నుంచి ఏ సిగ్నల్ టెస్ట్ చేసినా ఈ ఐదూ అడుగుతాను.

1. విలువ సరిగ్గా చదువుతోందా? మా స్పీడ్ సిగ్నల్ రెండు బైట్లు, ఒక్కో అంకె విలువ 0.01 కిలోమీటర్. అంటే 60 కోసం 6000 పంపాలి. బైట్లుగా చూస్తే 23, 112. సాఫ్ట్‌వేర్ ఈ రెండు బైట్లను తారుమారుగా చదివితే 28695 అవుతుంది, అంటే 286.95 కిలోమీటర్ల స్పీడ్! సున్నా పంపి టెస్ట్ చేస్తే మాత్రం ఈ బగ్ దొరకదు. తిరగేసినా సున్నా సున్నాయే కదా.

2. చెల్లని విలువ వస్తే? స్పీడ్ సెన్సర్ పాడైతే 65535 పంపాలని మా బెంచ్ రూల్. దాన్ని పట్టించుకోని మీటర్ 655 చూపిస్తుంది.

3. మెసేజ్ ఆగిపోతే? నేను ఫెయిలైంది ఇక్కడే.

4. మెసేజ్ వస్తున్నా అది పాతదైతే? పంపే ఈసీయూలో అసలు ప్రోగ్రామ్ హ్యాంగ్ అయినా పాత డేటానే మళ్లీ మళ్లీ బయటికి వెళ్తుండొచ్చు. అందుకే ముఖ్యమైన మెసేజ్‌లలో ప్రతిసారీ పెరిగే చిన్న కౌంటర్ పెడతారు. ఆ కౌంటర్‌ని కావాలని ఆపి చూడాలి.

5. అంతా సర్దుకున్నాక మళ్లీ మామూలుగా పనిచేస్తుందా? ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు బ్యాటరీ వోల్టేజ్ ఒక్కసారిగా పడిపోతుంది. పవర్ సప్లైని అలా తగ్గించి, పెంచి చూడాలి.

సున్నా కూడా అబద్ధమే

మేం రిక్వైర్‌మెంట్‌ని తిరగరాశాం: "500 మిల్లీసెకన్లు స్పీడ్ మెసేజ్ రాకపోతే మీటర్ అంకెకు బదులు గీతలు చూపించి, వార్నింగ్ ల్యాంప్ వెలిగించాలి." దీనికి రెండు టెస్టులు రాశాను. మెసేజ్‌ను 400 మిల్లీసెకన్లు ఆపి మళ్లీ పంపితే ఏమీ మారకూడదు. 600 మిల్లీసెకన్లు ఆపితే గీతలు, ల్యాంప్ రెండూ రావాలి. పాస్, ఫెయిల్ తేల్చడానికి ఇప్పుడు కొలత ఉంది. "బాగానే కనిపించింది" అనే మాటకి చోటు లేదు.

మా బ్యాచ్‌మేట్ కోడ్ మార్చాడు. కనెక్టర్ పీకగానే మీటర్ సున్నాకి వచ్చింది, ల్యాంప్ వెలగలేదు. నేను ఫెయిల్ రాశాను. "అరే, సున్నా అంటే సేఫ్ కదరా!" అని వాదించాడు. "బండి 60లో పోతుంటే సున్నా చూపించడం కూడా అబద్ధమే కదరా" అన్నాను. సార్ ఏమీ అనలేదు, నా రిపోర్ట్ మీద సంతకం పెట్టారు. ఆ సంతకం నాకు సర్టిఫికెట్ కంటే ఎక్కువ.

ఇండస్ట్రీలో దీన్ని ఎలా చూస్తారు?

కార్ల ఎలక్ట్రానిక్స్ సేఫ్టీకి ఐఎస్ఓ 26262 అనే స్టాండర్డ్ ఉంది. 2011లో వచ్చింది, రెండో ఎడిషన్ 2018లో. ఒక లోపం వల్ల ఎంత దెబ్బ తగులుతుంది, ఆ పరిస్థితి ఎంత తరచుగా వస్తుంది, డ్రైవర్ అదుపు చేయగలడా అన్న మూడు ప్రశ్నలతో ఏ నుంచి డీ వరకు లెవెల్ ఇస్తారు. డీ అన్నిటికంటే కఠినం. ఇక రోడ్డెక్కే ముందు అసలు ఈసీయూని నకిలీ కారుకి కలిపి టెస్ట్ చేస్తారు. దాన్ని హార్డ్‌వేర్ ఇన్ ది లూప్ అంటారు. మా చిన్న బెంచ్ చేసింది అదే పని, చిన్న సైజులో.

ఇంట్లోనే మొదలుపెట్టండి

లినక్స్ ల్యాప్‌టాప్ ఉంటే పైసా ఖర్చు లేదు. లినక్స్‌లో వర్చువల్ క్యాన్ సదుపాయం ఉంది. క్యాన్ యుటిల్స్ ఇన్‌స్టాల్ చేస్తే క్యాన్‌సెండ్‌తో మెసేజ్ పంపొచ్చు, క్యాన్‌డంప్‌తో చూడొచ్చు. ఐసీసిమ్ అనే ఉచిత ప్రోగ్రామ్ స్క్రీన్ మీదే మీటర్ చూపిస్తుంది. అందులో స్పీడ్ పెంచి, కంట్రోల్స్ విండో మూసేయండి. మీటర్ ఏం చేస్తుందో చూసి మీ మొదటి రిపోర్ట్ రాయండి. తర్వాత పైథాన్‌తో ఆటోమేట్ చేయొచ్చు. ఒక్క జాగ్రత్త: రోడ్డు మీద తిరిగే సొంత కారుకి మాత్రం ప్రయోగం కోసం మెసేజ్‌లు పంపకండి.

ఏదైనా ఇన్‌స్టిట్యూట్‌లో ఫీజు కట్టే ముందు ఒక్కటి అడగండి: "బెంచ్ ఉందా? కనెక్టర్ పీకనిస్తారా?" స్లైడ్లు మాత్రమే ఉన్నాయంటే ఆలోచించండి. ఫీచర్ పనిచేయడం చూడటానికి డెమో చాలు. అది పనిచేయనప్పుడు నిజం చెబుతుందా లేదా అన్నది తేల్చడమే టెస్టర్ పని.