టిఫిన్ మానేసి టీ తాగే హాస్టల్ పిల్ల

ప్రశ్న: మా అమ్మాయి యూనివర్సిటీ హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ చదువుతోంది. పొద్దున టిఫిన్ మానేసి టీ, సమోసాతో సరిపెడుతుందట. ఈమధ్య రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 10 వచ్చింది. ఏం చేయమంటారు?
– ఓ తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, ఆ వయసు ఆడపిల్లకు హిమోగ్లోబిన్ కనీసం 12 ఉండాలి. ముందు డాక్టరుకు చూపించండి. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందేమో కూడా అడగండి. ఐరన్ మాత్రలు రాస్తే వాడాల్సిందే, ఒక్క తిండితో ఆ లోటు త్వరగా పూడదు.

తిండి విషయానికొస్తే, సమోసా కంటే నాకు టీ మీదే అనుమానం ఎక్కువ. టీలోని టానిన్లు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. టీ మానక్కర్లేదు గానీ, తిండికైనా మాత్రకైనా టీకీ మధ్య కనీసం గంట ఎడం ఉండాలి. మెస్‌లో తోటకూర పప్పు చేసిన రోజు నిమ్మచెక్క పిండుకోమనండి, అందులోని ఐరన్ బాగా వంటబడుతుంది. (మెస్ పప్పులో నీళ్లెన్నో, పప్పెంతో నాకూ తెలుసు లెండి!)

క్లాసుకు పరుగెత్తే పిల్ల కూర్చుని ఇడ్లీ తినమంటే వినదు. గదిలో వేయించిన పల్లీలు, నువ్వుండలు, జామకాయలు పెట్టుకోమనండి. గుడ్డు తినే అలవాటుంటే ఉడికించినవి రెండు డబ్బాలో వేసుకోవచ్చు. ఒక్కోదాంట్లో సుమారు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది.

మాత్రలు మొదలెట్టాక విరేచనం నల్లగా అవడం మామూలే, ముందే చెప్పి ఉంచండి.