ప్రాణానికి వెల ఎవరు కడతారు?



2025 మే 18న మన పాతబస్తీలో, గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇల్లు అంటుకొని 17 మంది చనిపోయారు. ఒక్కో మృతునికి రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షల రూపాయలు, ప్రధానమంత్రి సహాయ నిధి 2 లక్షలు ప్రకటించాయి. పసిబిడ్డకైనా ముసలివారికైనా ఒకే మొత్తం.

రోడ్డు ప్రమాదంలో చనిపోతే కోర్టు లెక్క వేరు. మృతుని సంపాదనలో అతని సొంత ఖర్చు తీసివేసి, మిగిలినదాన్ని వయసును బట్టి ఒక సంఖ్యతో హెచ్చిస్తారు. 2009లో సుప్రీంకోర్టు ఆ సంఖ్యల పట్టికను ఖరారు చేసింది. 30 ఏళ్ల మనిషి ఇంటికి ఏడాదికి లక్ష రూపాయలు తెచ్చేవాడైతే 17 రెట్లు. 65 దాటితే అదే లక్షకు 5 రెట్లే. మరి జీతం లేని ఇల్లాలి సంగతి? ఆమె ఇంటిపనికీ విలువ కట్టి తీరాలని 2021 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారు జస్టిస్ ఎన్.వి. రమణ గారు ఉన్నారు.

ఇవన్నీ మిగిలినవారికి కలిగిన నష్టానికి లెక్కలు, అంతే. అయినా మనమూ ఇంట్లో తెలియకుండా ఇదే పట్టిక వాడుతుంటాం. సంపాదించే కొడుక్కి ఛాతీ నొప్పి వస్తే వెంటనే ఆటో పిలుస్తాం. అమ్మకు వస్తే "గ్యాసేమోలే, పొద్దున చూద్దాం" అంటాం. ఆడవారికి, షుగరు ఉన్నవారికి గుండెపోటు ఒక్కోసారి ఛాతీ నొప్పి లేకుండానే, ఆయాసంగా, చెమటలుగా, వాంతులుగా కూడా రావచ్చు. పొద్దుటి దాకా ఆగితే గుండె కండరం చచ్చిపోతుంది. వెంటనే 108కి ఫోను చేయండి.

ఖర్చుకు భయపడి ఆగవద్దు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేలు ఇచ్చేవారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి పరిమితి 10 లక్షలు. ఈ పథకంలో ప్రభుత్వం వెల కట్టేది మనిషికి కాదు, ఆపరేషనుకు. రోగి వయసెంత, సంపాదన ఎంత అని బేరీజు వేయరు. డెబ్బై ఏళ్ల నాయనమ్మ గుండె ఆపరేషనుకూ మనవడి ఆపరేషనుకూ ఒకే ప్యాకేజీ. కాని జాబితాలో లేని జబ్బుకు డబ్బు రాదు. ఆ లోటు ఉన్నమాట నిజం.

అందుకే అడ్వాన్సు కట్టకముందే ఆరోగ్యమిత్రను కలవండి. ఈ ఆసుపత్రి పథకంలో ఉందా, మీ రోగికి చేయవలసిన చికిత్స జాబితాలో ఉందా అని అడగండి. ఆహార భద్రత కార్డు, ఆధార్ దగ్గర ఉంచుకోండి. ప్రాణాపాయమైతే ఫోను ద్వారా అనుమతి తీసుకొని చికిత్స మొదలుపెట్టే పద్ధతి ఉంది, కాబట్టి కార్డు వెతుకుతూ రోగిని ఇంట్లో ఉంచకండి. సందేహాలకు 104. బి.పి., షుగరు పరీక్షలకు మీ బస్తీ దవాఖానా ఉంది. ఈసారి వెళ్ళేటప్పుడు అమ్మను కూడా వెంట తీసుకువెళ్ళండి.