కోపిష్ఠి కుక్క వేరు, పనికొచ్చే కుక్క వేరు



ఈ నెల గోడపత్రికలో పాఠం కుక్కల గురించి. మన హాస్టల్లో కొన్నాళ్ళుగా ఒక మాట నడుస్తున్నది. మనది హైవే పక్కనున్న ఊరు. రాత్రిపూట గేటు కాడికి ఎవరొచ్చిందీ, ఎవరు పోయిందీ తెలుస్తలేదు. అందుకని "ఒక పెద్ద జాతి కుక్కను తెచ్చి కట్టేద్దాం. దానికి ఎంత కోపముంటే అంత మంచిది" అని కొందరు అంటున్నారు. ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. పెద్ద జాతి కుక్కలన్నీ కోపిష్ఠివేనా? కోపం ఎక్కువున్న కుక్కే పని బాగా చేస్తదా? ఈ రెండూ తేలకుండా కుక్కను తెస్తే ముందుగా కరిపించుకునేది మన చిన్న తరగతి పిల్లలే. కాబట్టి ఓపికగా చదవండి.

1. కుక్క ఎందుకు కరుస్తుంది?

అన్ని కాట్లకూ ఒకటే కారణం ఉండదు. భయపడిన కుక్క పారిపోయే దారి లేకపోతే కరుస్తుంది. తిండి గిన్నె దగ్గర, పిల్లల దగ్గర కాపలాగా కరుస్తుంది. తన జాగాలోకి కొత్తవాళ్ళు వస్తే కరుస్తుంది. దెబ్బ తగిలి నొప్పితో ఉన్నప్పుడు, ముట్టుకున్న యజమానిని కూడా కరుస్తుంది. ఉరికేదాన్ని చూస్తే వెంటపడటం వేట గుణం. మనం బయటికి అన్నిటినీ "కోపం" అనే అంటాము. నిజానికి ఎక్కువ కాట్ల వెనుక ఉండేది భయం.

స్వభావం అంటే కుక్క ఎంత తొందరగా బెదురుతుంది, ఎంత తొందరగా రేగుతుంది, రేగినాక ఎంత తొందరగా చల్లబడుతుంది అనేది. పనికి కుక్కను ఎంచుకునేవారు ముఖ్యంగా చూసేది ఈ చివరిదే.

2. జాతిని బట్టి స్వభావం తెలుస్తుందా?

కొంత తెలుస్తుంది, అంతా తెలియదు. జర్మన్ షెపర్డ్ సంగతి చూడండి. షెపర్డ్ అంటేనే గొర్ల కాపరి. 1899లో జర్మనీలో మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ అనే సైనికాధికారి అక్కడి గొర్ల మందలను తోలే కుక్కల నుండి ఈ జాతిని స్థిరపరిచాడు. తర్వాత అదే జాతి పోలీసుల్లో, సైన్యంలో చేరింది. 1916లో, మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికులకు దారి చూపేందుకు జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో ఒక శిక్షణా కేంద్రం పెట్టినప్పుడు కూడా ఈ జాతినే వాడారు. దొంగను పట్టేదీ అదే జాతి, గుడ్డివారిని రోడ్డు దాటించేదీ అదే జాతి. గుణమంతా జాతిలోనే ఉంటే ఇది ఎట్ల సాధ్యం?

2022లో "సైన్స్" పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. అమెరికాలో 18 వేలకు పైగా కుక్కల యజమానులను ప్రశ్నలడిగి, 2 వేలకు పైగా కుక్కల జన్యువులను పరిశీలించారు. ఒక కుక్కకూ ఇంకో కుక్కకూ ప్రవర్తనలో ఉన్న తేడాలో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమే అని తేలింది. మిగతాది ఆ కుక్క సొంత గుణం, పెంపకం, చుట్టూ ఉన్న పరిస్థితుల మీద ఆధారపడుతుంది. 2008లో వచ్చిన ఇంకో అమెరికా పరిశోధనలో మనుషుల మీద కోపం ఎక్కువ చూపించిన జాతుల్లో డాక్స్‌హుండ్, చివావా లాంటి పొట్టి కుక్కలే ముందున్నాయి!

3. మరి పెద్ద కుక్క అంటే అంత భయమెందుకు?

భయపడాల్సింది దాని బరువుకు, దవడ బలానికి. చివావా బరువు సాధారణంగా 3 కిలోలు దాటదు. అది కరిస్తే గాయం చిన్నది. మాస్టిఫ్ లాంటి కుక్క 70 కిలోలు కూడా తూగుతుంది. మన ఎనిమిదో తరగతి పిల్లలకు దాదాపు రెండింతలు! అది ఏడాదికి ఒక్కసారి తప్పు చేసినా ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి పెద్ద కుక్కలన్నీ చెడ్డవి అనడం తప్పు. పెద్ద కుక్కను పెంచేవాడికి పెద్ద బాధ్యత ఉన్నది అనడం ఒప్పు.

మన ప్రభుత్వాలు కూడా ఈ ప్రశ్న దగ్గర తడబడ్డాయి. 2024 మార్చి 12న కేంద్ర ప్రభుత్వ పశుసంవర్ధక శాఖ, పిట్‌బుల్, రాట్‌వీలర్ మొదలైన 23 రకాల కుక్కల దిగుమతి, అమ్మకం ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. అదే ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు, సంబంధించినవాళ్ళను సంప్రదించకుండా ఇది చేశారని ఆ లేఖను కొట్టివేసింది. ఆ పట్టికలో టర్కీ దేశపు కంగాల్ కూడా ఉన్నది. అక్కడ అది తోడేళ్ళ నుండి గొర్లను కాపాడే కుక్క. ఒక దేశంలో రైతుకు కుడిభుజం, ఇంకో దేశంలో ప్రమాదకర జంతువు!

4. మంద కాడి కుక్క చెప్పే పాఠం

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు గొల్ల కురుమలు రాత్రిపూట చెలకల్లో మంద పెడతారు. మందతో పాటు కుక్కలు కూడా పోతాయి. ఆ కుక్క కొత్తవాళ్ళను చూసి మొరుగుతుంది, తోడేలు మీదికి ఉరుకుతుంది. కానీ తన కాళ్ళ కింద తిరిగే గొర్రెపిల్లను మాత్రం ముట్టదు. ఎందుకు? చిన్నప్పటి నుండి గొర్ల మధ్యనే పెరిగింది కాబట్టి.

దీన్ని శాస్త్రవేత్తలు కూడా చెప్పారు. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు ఏండ్ల తరబడి కుక్కపిల్లలను పరిశీలించి 1965లో ఒక గ్రంథం ప్రచురించారు. పిల్ల పుట్టిన 3వ వారం నుండి 12వ వారం దాకా ఉండే కాలం చాలా ముఖ్యమని అందులో ఉంది. ఆ వయసులో ఎవరితో కలిసి తిరిగితే వాళ్ళను తనవాళ్ళు అనుకుంటుంది. ఆ వయసులో చీకటి కొట్టంలో ఉంచితే జీవితమంతా బెదురుతుంది. బెదిరేది కరుస్తుంది.

ఆఫ్రికాలోని నమీబియాలో 1994 నుండి ఒక సంస్థ రైతులకు టర్కీ జాతి కాపలా కుక్కపిల్లలను ఇస్తున్నది. వాటిని మేకలు, గొర్లతోనే పెంచుతారు. చీతాలు మంద మీదికి వస్తే కుక్క అడ్డం నిలబడి మొరుగుతుంది. చాలాసార్లు కొట్లాట లేకుండానే చీతా వెళ్ళిపోతుంది. మంద బతికింది, చీతాను కాల్చే అవసరమూ తప్పింది. మంచి కాపలా అంటే కరవడం కాదు, కరిచే అవసరం రానియ్యకపోవడం.

5. పోలీసు కుక్క

మన రాష్ట్రంలో పోలీసు కుక్కలకు రంగారెడ్డి జిల్లా మొయినాబాద్‌లోని అకాడమీలో శిక్షణ ఇస్తారు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, బెల్జియన్ మాలినోయిస్ లాంటి జాతులను తీసుకుంటారు. కుక్క ఒక్కదానికే కాదు, దాన్ని చూసుకునే పోలీసు (హ్యాండ్లర్)కు కూడా దానితోనే శిక్షణ. బాంబు వాసన పట్టే పనికి ఎక్కువగా లాబ్రడార్‌ను వాడతారు. అది శాంతమైనది, తిండి మీద ఆశ ఎక్కువ, గుంపులో కంగారు పడదు. బాంబు దొరికితే మొరిగి గీకవద్దు, మెల్లగా కూర్చుని చూపించాలి. అక్కడ కోపిష్ఠి కుక్కకు ఏం పని?

దొంగను పట్టే కుక్కకు ధైర్యం కావాలి. కానీ "వదులు" అనగానే వదలాలి. వదలని కుక్క పరీక్షలో తప్పుతుంది. అంటే పట్టుకోవడం సగం పని, వదలడం మిగతా సగం.

6. మన గేటు సంగతి

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. మన గేటులోంచి రోజూ వందల మంది పోరగాళ్ళు పోతరు, వస్తరు. పండుగ సెలవులకు తండాల నుండి అమ్మానాయనలు వస్తరు. కూరగాయల ఆటో వస్తది. వీళ్ళలో ఎవరు మనవాళ్ళో గొలుసుకు కట్టేసిన కుక్కకు ఎట్ల తెలుస్తది? రోజంతా కట్టేస్తే కుక్కకు తిరుగుడు ఉండదు, పారిపోయే దారి ఉండదు, చికాకు పెరుగుతది. పిల్లలు రాళ్ళు వేస్తే ఇంకా రేగుతది. ఒకనాడు గొలుసు తెగితే బాధ్యత ఎవరిది? పెద్ద జాతి కుక్కకు తిండి, టీకాలు, నేర్పే మనిషి కావాలి. ఏండ్ల తరబడి ఒకరే చూసుకోవాలి. మనం పదో తరగతి కాంగనే వెళ్ళిపోయేవాళ్ళం.

కాబట్టి మా అభిప్రాయం ఇది. గేటుకు కావలసింది దీపం, వాచ్‌మెన్, మూసిన గడియ. కుక్క ఉండాలంటే టీకా వేసిన ఊరకుక్క చాలు. పిల్లప్పటి నుండి మన మధ్య తిరిగి, కొత్తవాళ్ళు వస్తే మొరిగి, వాచ్‌మెన్ పిలిస్తే ఊరుకునేది. కరవడం దాని పని కాదు, చెప్పడం దాని పని. పెద్దలు వేరే విధంగా అనుకుంటే వచ్చే సంచికలో రాయగలరు.

7. అందరూ గుర్తుంచుకోవలసినవి

• "మొరిగే కుక్క కరవదు" అనే సామెతను నమ్మి దగ్గరికి పోవద్దు. మొరిగేదీ కరుస్తుంది.
• కుక్క కదలకుండా బిగుసుకుని చూస్తే, పెదవి లేపితే, గుర్రుమంటే అది "దూరం జరుగు" అని చెప్పినట్టు. గుర్రుమన్నందుకు కొట్టవద్దు. కొడితే గుర్రుమనడం మానేసి నేరుగా కరవడం నేర్చుకుంటుంది.
• తోక ఊపినంత మాత్రాన స్నేహం అనుకోవద్దు.
• వెంటపడితే ఉరకవద్దు. చేతులు దగ్గర పెట్టుకుని నిలబడాలి, కళ్ళలోకి చూడవద్దు, మెల్లగా పక్కకు జరగాలి. కింద పడితే ముడుచుకుని మెడ, ముఖం చేతులతో కప్పుకోవాలి.
• తింటున్న కుక్కను, నిద్రపోతున్న కుక్కను, పిల్లలున్న కుక్కను కదిలించవద్దు.
• కరిస్తే వెంటనే 15 నిమిషాలు ధారగా నీళ్ళు, సబ్బుతో కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. గీరుకున్నా సరే దాచకుండా వార్డెన్ సారుకు చెప్పి అదే రోజు ఆసుపత్రికి పోవాలి. డాక్టరు చెప్పిన తేదీల ప్రకారం సూదులన్నీ పూర్తి చేయాలి. రేబిస్ లక్షణాలు కనిపించాక దాదాపు ఎవరూ బతకరు, ముందే టీకా తీసుకుంటే ఆపవచ్చు.

ఆలోచించండి: మీ తండాలో, మీ ఊర్లో మంచి కాపలా కుక్క ఏది? అది ఎవరినైనా కరిచిందా? అది చిన్నప్పుడు ఎవరి మధ్య పెరిగింది? పెద్దలను అడిగి రాసుకొని వచ్చి ఈ గోడ కింద పెట్టెలో వేయండి.