ముచ్చిలిగుంట – గాలికొలను

పిల్లలూ! చాలాసేపు కంప్యూటర్ ముందు కూర్చుని లేచాక మీ చెయ్యి దానంతటదే మెడ వెనక్కి పోతుంది కదూ? ఈ పాఠం ఆ చోటు గురించే.

తల వెనక భాగాన్ని తెలుగులో పెడతల అంటారు. అక్కడ నడిమధ్యన వేలు పెట్టి చూడండి. గట్టిగా ఒక బొడిపె తగులుతుంది. అది పుర్రె ఎముక. అక్కడినుంచి వేలిని నెమ్మదిగా కిందికి జార్చండి. మెత్తటి పల్లం వస్తుంది. దాని పేరు ముచ్చిలిగుంట.

ఇప్పుడు రెండు చేతుల వేళ్లనూ అక్కడినుంచి చెవుల వైపు జరపండి. మెడ వెనకనున్న లావుపాటి కండరానికీ, చెవి వెనకనుంచి దిగే కండరానికీ నడుమ చెరో పక్క ఒక్కో పల్లం దొరుకుతుంది. చైనా సంప్రదాయ వైద్యంలో ఈ బిందువుల పేరు ఫెంగ్‌చీ. వారి భాషలో 'ఫెంగ్' అంటే గాలి, 'చీ' అంటే కొలను. పిత్తాశయం పేరుతో పిలిచే మార్గంలోని 44 బిందువులలో ఇది 20వది.

గాలి పేరెందుకు? బయటి గాలి మెడ వెనకనుంచి ఒంట్లోకి దూరి జలుబు, తలనొప్పి తెస్తుందని ప్రాచీన చైనా వైద్యులు నమ్మారు. "మఫ్లరు చుట్టుకోరా, చలిగాలి తగులుతుంది" అని మన బామ్మలూ అంటారుగా! జలుబు తెచ్చేవి వైరస్‌లని ఇప్పుడు మనకు తెలుసు. అయినా ఆ చోట కండరాలు బిగుసుకుంటే తలనొప్పి రావడం నిజమే.

అలాంటప్పుడు రెండు బొటనవేళ్లతో అరనిమిషం మెత్తగా నొక్కుకోవచ్చు. సూది గుచ్చడం మాత్రం శిక్షణ పొందినవారి పని. ఆ లోతుల్లోనే ఊపిరినీ గుండెనూ నడిపించే మెదడు భాగం ఉంది.

ఒక్క మాట మరువకండి. జ్వరం, తలనొప్పితో పాటు మెడ బిగుసుకుపోయి గడ్డం ఛాతీకి ఆనకపోతే నొక్కుతూ కూర్చోవద్దు. మెదడు పొరల వాపు కావచ్చు. వెంటనే పెద్దలకు చెప్పండి. పెద్దలూ, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

అన్నట్టు, తెలుగులో గుంట అంటే పల్లమే కాదు, నీళ్లు నిలిచే చిన్న మడుగు కూడా. చైనావారు కొలను చూసిన చోటి పక్కనే మనవాళ్లు గుంటను చూశారు!

ఇంటిపని:
1. పెడతల, ముచ్చిలిగుంట – ఈ మాటలతో రెండు వాక్యాలు రాయండి.
2. అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి ముచ్చిలిగుంట అంటే ఏమిటో అడగండి. వారికి తెలియకపోతే మీరే నేర్పండి!