పైకి చదువు, బుజ్జీ

బుజ్జీ,

నీ ఉత్తరమూ, దాంతో పంపిన ఓడ జాబితా నకలూ నిన్న అందాయి. "ఈయన మన చిన్నతాత కాదు పెద్దమ్మా. పేరు ఆపుల్సామీట, జిల్లా గంజాంట, ఇంటిపేరే లేదు" అని తేల్చేశావు. అంత తొందరైతే ఎలాగే? రెండేళ్ళుగా వెతుకుతున్నదానివి, ఆ కాగితాన్ని ఇంకో రెండు రోజులు దగ్గర పెట్టుకోలేకపోయావా! సరేలే, కోప్పడటం లేదు. ఆ రాత చూసి చూసి కళ్ళు లాగేసి ఉంటాయి.

ముందు ఆ పేరును పైకి చదువు, మీ అమ్మమ్మ పిలిచినట్టు. చిన్నతాత పేరును మన వైపు అప్పలస్వామి అని నిండుగా ఎవరు పలికారు? "అప్పల్సామీ" అనే కదా కేకేసేది. గుమాస్తా చెవిన పడింది అదే. ఇంగ్లీషులోకి ఎక్కేసరికి ఒత్తు పోయింది, అకారానికి దీర్ఘం వచ్చింది. సింహాచలం అప్పన్న పేరు ఏ ఊళ్ళవాళ్ళు పెట్టుకుంటారో నీకు నేను చెప్పాలా? ఇక గంజాం అంటావా, శ్రీకాకుళం అప్పట్లో ఆ జిల్లాలోదే. కాగితాల్లో చికాకోల్ అని రాసేవారు.

ఇంటిపేరు లేదన్నావు కదా. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది మొదలు 1911 దాకా లక్షన్నర మంది ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్ళారు. వాళ్ళ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు ఉన్నాయి. ఇంటిపేరుకు గడే లేదు. అడగనిది ఎవరు చెబుతారమ్మా? అక్కడ పిల్లలు పుట్టాక చాలామందికి తండ్రి పేరో తాత పేరో ఇంటిపేరైంది, కొందరికి నాయుడో రెడ్డో ఇంటిపేరుగా నిలిచిపోయింది. అందుకే డర్బన్ కాగితాల్లో మన ఇంటిపేరు వెతక్కు. అప్పల్సామీ ఇంటిపేరుగా ఉన్నవాళ్ళను చూడు.

అలాగని పేరు కలిసిందని మురిసిపోకు. ఆ తప్పు నేను చేశాను. పన్నెండేళ్ళ కిందట పేరూ, తండ్రి పేరూ సరిపోయాయని ఒక కుటుంబానికి ఉత్తరం రాసేశాను. అక్కడి పెద్దాయన ఫోను చేసి, వచ్చీరాని తెలుగులో "చెల్లీ" అని ఏడ్చాడు. ఆర్నెల్లకు ఊరి గడి సరిగ్గా చదివితే అది మన తాలూకాయే కాదు. ఆయనకు ఆ మాట చెప్పలేక వారం రోజులు అన్నం సయించలేదు. నీకు ఆ గతి పట్టకూడదు.

నాటాల్‌లో దిగిన ప్రతి ఒప్పంద కూలీకీ ఒక నంబరు ఇచ్చారు. పేరు ఎన్ని రకాలుగా రాసినా, ఆ తర్వాతి కాగితాల్లో ఆ నంబరును పట్టుకుని వెళ్ళు. తండ్రి పేరు, ఊరు, నంబరు మూడూ కలిసేదాకా ఎవరికీ ఉత్తరం రాయకు.

ఇంకోటి. నువ్వు పంపిన నకల్లో కుడివైపు అంచు కోసుకుపోయింది. ఒంటి మీది గుర్తుల గడి అక్కడే ఉంటుంది. చిన్నతాతకి ఎడమ కనుబొమ్మ మీద ఎద్దు కొమ్ము తగిలిన గాటు ఉండేదని మా నాయనమ్మ చెప్పేది. ఆ పేజీ మళ్ళీ పూర్తిగా తీయించు. అందులో ఏముందో చూసి, అర్ధరాత్రయినా సరే, నాకు ఫోను చెయ్యి.

మీ పెద్దమ్మ