బొగ్గుకూ తూకముంది

నగర్తపేట, బెంగళూరు

బుజ్జీ,

బళ్లో బొగ్గు మీద వ్యాసం రాసుకు రమ్మన్నారనీ, నలభై ఏళ్లు బొగ్గుతోనే నగలు చేశాను కాబట్టి నన్నే చెప్పమనీ అడిగావు. ముందు ఒకటి తెలుసుకో తల్లీ. నా కుంపట్లో రాజుకున్నది కట్టెబొగ్గు. ఒక చెట్టు కాల్చినా ఇంకోటి నాటుకోవచ్చు. నీ పాఠంలోది నేలబొగ్గు. పాతిక కోట్ల ఏళ్లకు ముందే బురదలో పూడిపోయిన అడవి అది. కాల్చేశాక మన ఎరుకలో మళ్లీ పుట్టదు.

ఈ పేటలో ఇప్పుడు పాలిష్ మోటార్లూ, దుకాణాల దీపాలూ అన్నీ కరెంటు మీదే. 1905లో ఈ ఊరి వీధి దీపాలు శివనసముద్రం నీటి కరెంటుతో వెలిగాయి. ఊరు పెరిగింది, ఆ నీళ్లు చాలలేదు. కర్ణాటకలో బొగ్గు గనులు లేవు. అయినా 1985లో రాయచూరు దగ్గర శక్తినగర్‌లో థర్మల్ కేంద్రం మొదలైంది. దానికి మీ సింగరేణి గనుల నుంచి కూడా బొగ్గు రైళ్లు వస్తాయి.

ఒక్క యూనిట్ కరెంటుకు ఇంచుమించు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. మన దేశపు బొగ్గులో దాదాపు మూడో వంతు బూడిదే. ఆ బూడిదను కూడా రైలెక్కించి అంత దూరం మోస్తున్నాం! గురిగింజ ఎత్తు బంగారం కోసం మేం కొట్టు ఊడ్చిన దుమ్మునూ కడిగేవాళ్లం. బొగ్గును గని దగ్గరే కడిగి పంపితే ఎంత మేలు.

భద్రాచలం యాత్రికులు పొయ్యికి పెట్టిన నల్లరాళ్లు మండాయని మీ వైపు చెప్పుకుంటారు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు పొరలను గుర్తించాడు, 1889కల్లా తవ్వకం సాగింది. ఆ తర్వాత ఎన్ని తరాలు బొగ్గు ఎత్తే తట్టా చెమ్మస్ పట్టుకుని చీకట్లోకి దిగాయో! బొగ్గు వద్దని నేననను. పేద దేశంలో ఆసుపత్రికీ, రైతు మోటారుకూ కరెంటు ముందు కావాలి. కానీ ఓపెన్‌కాస్ట్ గని కింద ఊరే పోయినవాళ్లకు ఏం దక్కిందో రాయకపోతే నీ వ్యాసంలో తూకం తప్పినట్టే.

ఖమ్మం నుంచి ఇల్లందుకు ఒక పూటలో వెళ్లి రావచ్చు. ఆదివారం నాన్నను తీసుకెళ్లమను. గనిలో బాయిపని చేసి దిగిపోయిన పెద్దవాళ్లు కనిపిస్తారు. మొదటిసారి లోపలికి దిగిన రోజు ఎలా ఉందో, ఇప్పుడు ఊపిరి ఎలా ఆడుతోందో అడుగు. పక్కన కూర్చుని నింపాదిగా విను. రాసింది నాకూ పంపు.

ఇట్లు,
తాతయ్య